ఉరుకుందప్ప కుట్టిన ప్యాంట్లు

కంటోన్మెంట్‌లో మారెక్క టీ అంగడికాడ ఉరుకుందప్ప నోరు విప్పినాడంటే, గ్లాసులు ఖాళీ అయినా జనం లేవరు. జీన్స్ ప్యాంట్లు కుట్టే టైలరు ఆయన. ఆ పొద్దు మాత్రం ఆయన చూపంతా సోమప్ప మీదే ఉండాది. ఇద్దరూ కుట్టేది ఒకే షెడ్డులో. సోమప్పకు కళ్లు మసకబారి కుట్టు వంకర పోతాంటే, సోమవారం నుంచి రావద్దని ఓనరు చెప్పేసినాడు. కంటి పరీక్షకు పొమ్మంటేనేమో సోమప్పకు భయం.

"నాకూ ఇట్లే కళ్లు మసకబారెనప్పా," అని మొదలుపెట్టినాడు ఉరుకుందప్ప. "మా వీధిలో చదువు చెప్పే లోయిస్ టీచరమ్మ ఆస్పత్రికి పిల్చకపోయి కంటి అద్దాలు ఇప్పిచ్చె. టేపు మీద అంకెలు చదివేది నేర్పిచ్చె. మరుసటి దినం సూదిలో దారం ఒక్క తూరికే ఎక్కిచ్చినా."

"హౌదా, నిజమేనా?" అన్నాడు సోమప్ప.

"మరేమనుకున్నావు! మధ్యాన్నానికి నలభై ప్యాంట్లు. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? సాయంత్రానికి లారీ నిండె. మిషన్ పొగలు కక్కుతాంటే నీళ్లు చల్లుకుంటా కుట్టినా. వారం తిరిగేలోపల సిరుగుప్పలో వడ్లు మోసే లారీలన్నీ నా ప్యాంట్లు మోసేకే వచ్చె, వడ్లు యాడివాడ నిలిచిపాయ!"

"మరి జనం ఏం తినిరి?" అని ఎవరో నవ్వినారు.

"తినేకి టైమ్ యాడిది, అందరూ ప్యాంట్లు తొడుక్కుంటాండ్రి! ఢిల్లీలో దేశం రాబడి లెక్కగట్టే సార్లు, ఇంత ఎట్ల పెరిగెబ్బా అని తలలు పట్టుకుని నాకు ఫోన్ చేసిరి. 'అప్పా, నీకు దండం పెడతాం, జరమొచ్చినా సెలవు పెట్టొద్దు, దేశం కూలబడతాది' అని!"

మారెక్క పాలగిన్నె దించింది. "చాలు నిలుపప్పా. ఆస్పత్రి గేటు కడ్డీ పట్టుకుని భయంతో ఏడ్చింది నువ్వు కాదా? టీచరమ్మ బతిమాలి లోపలికి పిల్చకపాయ. దినానికి పన్నెండు కుట్టేవాడివి, ఇప్పుడు ఇరవై కుడ్తాండావు. అంతే కదా?"

అందరూ గొల్లుమన్నారు. ఉరుకుందప్ప అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"అంతేనక్కా," అన్నాడు మెల్లగా. "ఆయమ్మ ఆ పొద్దు విసుక్కుని ఎల్లిపోయింటే, నేను యాడుందునో, నా పిల్లోళ్లు యాడుందురో. ఇప్పటికీ మిషన్ ముందర కూర్చుంటే, ముందు ఆయమ్మకు మొక్కినాకే కాలు కదిలిస్తా."

సోమప్ప నవ్వలేదు.

"నువ్వూ ఏడ్చినావా?"

"ఏడ్చినా."

"పన్నెండు ఇరవై అయినాయా? ఇది నిజమేనా?"

"ఇది నిజమప్పా."

సోమప్ప గ్లాసు కింద పెట్టి లేచినాడు. "నాకు ఆ పెరిగిన ఎనిమిదే చాలు. ఆస్పత్రికి బస్సు యాడ ఎక్కాల?"