బ్రేకు పీల్చిన ద్వీపం

డెలానీపూర్ పల్లంలో, దేముడమ్మ టీ కొట్టు ముందు, జీవానందం పాత అమెరికా కారు నిలబడిపోయింది. 1987 మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. మూడింటికి చాతం జెట్టీలో బండ్లు ఎక్కించుకునే ఫెర్రీ ఉంది. అది తప్పితే మళ్ళీ ఐదున్నరకే. హార్బరు అవతల బాంబూఫ్లాట్ చర్చిలో జీవానందం కూతురు పుష్పవతి పెళ్ళి నాలుగింటికి. పెళ్ళికూతురు ముస్తాబై ఇంటి దగ్గర కూర్చుంది. ఆమెను తీసుకెళ్ళాల్సిన కారుకు నాలుగు చక్రాల బ్రేకులూ పట్టేసి వదలడం లేదు.

బ్రేకుకు ఇంజను పీల్పుతో బలమిచ్చే డబ్బా ఒకటుంటుంది, బూస్టర్ అంటారు. పాతది పాడైతే పోయిన వారమే మద్రాసు నుంచి ఈ దీవికి ఓడలో వేరేది తెప్పించి వేయించాడు. అప్పటి నుంచే ఈ గొడవ.

డైరీ ఫార్మ్ పేట నుంచి మెకానిక్ గణేశ్వరరావుని పిలుచుకొచ్చారు. అతను బానెట్ ఎత్తి చూశాడు, దించాడు, వచ్చి కొట్టు బల్ల మీద కూర్చున్నాడు.

“తొందరేటి భయ్యా, చక్రాలు సలసల కాగిపోతున్నాయి, ముందు చల్లారనీ. దేముడమ్మక్కా, ఒక చాయ్. ఇలాంటి బ్రేకు నాకు కొత్తనుకున్నారేటి? పోయినేడు ఒక పెద్ద సాహెబు కారు ఫెర్రీలో తీసుకెళ్తున్నాను, ఊరికే బ్రేకు మీద కాలు పెట్టానంతే, పట్టేసింది. ఏ చక్రం ముందు పట్టిందో చెవితోనే చెప్పేశాను.”

“చెవితోనా?” అంది దేముడమ్మ.

“చెవితోనే. మామూలు మెకానిక్ అయితే ఏం చేస్తాడు? బూస్టరుకీ దాని ముందుండే మాస్టర్ సిలిండరుకీ మధ్య రెండు నట్లుంటాయి, అవి కాస్త వదులు చేస్తాడు. చక్రాలు వదిలాయా, లోపలి కడ్డీ పొడుగై బ్రేకుని నొక్కిపట్టి ఉంచుతోందని లెక్క. మధ్యలో వాషర్లు పెట్టి బిగించేస్తాడు, బస్. బచ్చోం కా ఖేల్, పిల్లలాట. అంత చిన్న పని నేను చేస్తే నా పేరేం కావాలి?”

జీవానందం గ్లాసు కింద పెట్టాడు. “ఎన్ని నట్లన్నావు?”

“రెండు. అవి వదిలెయ్ భయ్యా, అసలు కథ విను.”

జీవానందం వినలేదు. తెల్ల చొక్కా చేతులు మడిచి, గణేశ్వరరావు సంచిలోంచి పానా తీసుకుని కారు వైపు నడిచాడు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? బ్రేకు నొక్కితే కారు ఆగడం వింత కాదు, అది ఎలాగూ ఆగే ఉంది. ఫెర్రీ ఆగిపోయింది! హార్బరు నడిమధ్యలో, ఇంజను ఫుల్ స్పీడు మీదుంది, అంగుళం కదిలితే ఒట్టు. ఫెర్రీ నడిపే సారంగు పైనుంచి ‘కిస్‌నే దబాయా’, ఎవడు నొక్కాడు అని ఒకటే కేకలు. కాలు తీస్తే వదలాలి కదా, వదల్లేదు, కారునీ ఫెర్రీనీ పట్టి కింద సముద్రాన్ని కూడా పట్టేసింది. ఆటుకి దిగాల్సిన నీళ్ళు దిగకుండా అలాగే నిలబడ్డాయి.”

“మరి చేపలు?” అంది దేముడమ్మ.

“అవీ నిలబడ్డాయి. అప్పుడు నేనేం చేశాను, బూస్టర్ పనే పీల్చడం కదా, దాని రబ్బరు గొట్టం ఊడదీశాను. ఏం పీల్పు, ఏం పీల్పు! ముందు సారంగు టోపీ పోయింది. తర్వాత కోళ్ళ గంప పోయింది, కోళ్ళతో సహా. తర్వాత మబ్బులు బారులు తీరి దిగొచ్చాయి. ఆ ఏడు వాన పదిరోజులు ఆలస్యమైంది, గుర్తుందా, అందుకే. తల తిప్పి చూద్దును కదా, రాస్ ద్వీపం మెల్లగా మా వైపు వచ్చేస్తోంది, కొబ్బరిచెట్లతో, జింకలతో!”

“ఎంత దూరం వచ్చిందేటి?” మూలన కూర్చుని చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటున్న నూకన్న అడిగాడు. అతను ఆ ఫెర్రీలోనే ఖలాసీ. ఇవాళ అతనికి సెలవు.

“రెండు ఫర్లాంగులు. గొట్టానికి ఈ బొటనవేలు అడ్డం పెట్టి ఆపాను గనక సరిపోయింది. లేకపోతే ఈపాటికి మద్రాసే ఇక్కడికి వచ్చేసేది, మీకు ఓడ టిక్కెట్ల బాధ తప్పేది. ఇదిగో మచ్చ.”

“అది మొన్న నా కొబ్బరిబొండం కొట్టబోయి తెగ్గోసుకున్నది,” అంది దేముడమ్మ.

“మచ్చ మీద మచ్చ అక్కా.”

“ద్వీపాన్ని వెనక్కెలా పంపావు?” అందామె.

“హారన్ కొట్టాను. తప్పుకుంది.”

నూకన్న బిస్కెట్ మింగి మూతి తుడుచుకున్నాడు.

“గణేసూ, ఆ రోజు డ్యూటీ నాదే. ఫెర్రీ మధ్యలో ఎక్కడా ఆగలేదు. బాంబూఫ్లాట్ చేరాం, తాళ్ళు కట్టాం, బండ్లు దిగే పలక దించాం. అన్నిటికన్నా ముందు బండి నీది. ఇంజను గీపెడుతోంది, బండి కదలదు. బ్రేకు పట్టేసిందని బానెట్ ఎత్తి అరగంట తల లోపల పెట్టావు. వెనక తొమ్మిది బండ్లు ఒకటే హారన్. నేను వంగి చూశాను. బండి జారకుండా ఎక్కేటప్పుడు చక్రం కింద పెట్టే చెక్క అక్కడే ఉంది. దిగేముందు ఎవరి చెక్క వాళ్ళు తియ్యాలని ప్రతి ట్రిప్పూ గొంతు చించుకుంటాం. నీది నేను తీశాను. బండి పోయింది. రాస్ ద్వీపం ఎక్కడిదక్కడే ఉంది.”

కొట్టంతా నవ్వింది. గణేశ్వరరావు తాపీగా ఇంకో గుక్క తాగాడు.

“అది పడౌక్ చెక్క భయ్యా, ఇనుమంత గట్టిది. మామూలు చెక్కయితే ఆ పీల్పుకి ఎప్పుడో ఎగిరిపోయేది.”

“వదిలింది!” కారు దగ్గర నుంచి జీవానందం కేక. “అరే, వెనక్కి జారుతోంది, పట్టుకోండి!”

నూకన్న చుట్టూ చూశాడు. బల్ల కాలు కింద ఎత్తుకు పెట్టిన చెక్క లాగేసి, పరుగున వెళ్ళి వెనక చక్రం కిందికి తన్ని దూర్చాడు. కారు ఆగింది. బల్ల ఒరిగి గణేశ్వరరావు చాయ్ ఒళ్ళో పడింది. అతను లేచి, సంచిలో వెతికి, రెండు వాషర్లు తెచ్చి జీవానందం చేతిలో పెట్టాడు.

నట్లు బిగించేసరికి రెండూ ముప్పై ఐదు. బ్రేకు నొక్కితే పట్టింది, తీస్తే వదిలింది. జీవానందం తెల్ల చొక్కా మీద నల్ల గ్రీజు చార ఒకటి మిగిలింది.

“నువ్వు చెప్పినట్టే చేశాను,” అన్నాడు గణేశ్వరరావుతో. “ముందు సీట్లో కూర్చో. దారిలో మళ్ళీ పట్టేస్తే నువ్వే దిక్కు. పద, పిల్ల ఎదురు చూస్తోంది.”

గణేశ్వరరావు పెళ్ళికొడుకులా ఎక్కి కూర్చున్నాడు. నూకన్న చక్రం కింద చెక్క లాగి, కిటికీలోంచి అతనికి అందించాడు.

“ఫెర్రీ దిగేదాకా ఇది ఒళ్ళో పెట్టుకో గణేసూ. నీ ఒళ్ళో ఉంటే చక్రం కింద ఉండదు.”