వినీల గొంతు మీద నేనన్న మాట

కాదండీ శాంతికుమార్ గారూ, స్టూడియోలో ఇన్ని మిషన్లు పెట్టుకుని, వినీల గొంతుకి ఏమీ చెయ్యలేదంటే నేనెలా నమ్మాలి?

పన్నెండేళ్ళు నా వెనకాల కోరస్ పాడిన పిల్లండీ! మన పాలకొల్లు చర్చిలో లీడ్ ఎవరంటే చంటిపిల్లలు కూడా ఆశాజ్యోతమ్మగారే అంటారు. వినీల ఏం పాడేది? నేను లైను పాడాక చివరి రెండు మాటలు. అంతేగా! ఇప్పుడేమో ఏడు పాటలతో సొంతంగా ఆల్బమ్ చేసేసింది. ఆటోల్లో అదే, చేపల మార్కెట్లో అదే. ఇంట్లో మా ఆయన గడ్డం గీసుకుంటూ కూడా అదే!

ఏం, బాగోలేదన్నానా? బాగుంది. అదే కదండీ నా ఏడుపు.

రోజంతా రొయ్యల షెడ్డులో ఐసు మధ్య నిలబడి రొయ్యల తలకాయలు తీస్తుంది. ఏడాదిలో ఆరు నెలలు జలుబే. నేనేమో మిరియాల పాలు తాగి, పెరుగు మానేసి, పెళ్ళిళ్ళలో ఐస్‌క్రీం ముట్టకుండా కాపాడుకున్నాను ఈ గొంతుని. దేవుడు ఎవరికి ఏమిచ్చాడో చూడండి!

ఆ మూడో పాట... వాయిద్యాలన్నీ ఆగిపోయాక "తండ్రీ" అని ఒక్క మాట పట్టుకుంటుంది చూశారా? పైకి తీసుకెళ్ళి, అక్కడ వణికించి, ఇంక దించుతుందిలే అనుకుంటే ఇంకా పైకి వెళ్తుంది. నిన్న అన్నం వడ్డిస్తున్నదాన్ని గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఒళ్ళు జలదరించిందండీ. అది కంప్యూటరుతో సాగదీసింది కాదూ?

ఒక్కసారే పాడిందా? రెండోసారి అడగనే లేదా మీరు?

అయ్యో. ఇప్పుడెలాగండీ!

శుక్రవారం భీమవరం మహాసభల్లో లీడ్ వినీలకిద్దామా అని పాస్టరుగారు పొద్దున నన్ను పిలిచి అడిగారు. నన్నే! పాటల విషయంలో నా చెవి మీద ఆయనకంత గురి. నేనేమన్నానో తెలుసా? "అది ఆ పిల్ల గొంతు కాదండీ, అంతా మిషనే. కావాలంటే శాంతికుమార్ గారినే అడగండి" అనేశాను.

అలా చూడకండి. నోరు జారింది. పైగా, పాపం ఆ పిల్ల కోసం ప్రార్థన చేద్దామండీ అని కూడా అన్నాను.

అందుకే పరిగెత్తుకొచ్చాను. ఆయన మీకు ఫోన్ చేస్తే ఔనని ఒక్క మాట అనేద్దురూ, దాంతో పోతుందని.

ఆయనేనా, ఆ మోగేది?

ఆగండి, ఆగండి. ఔనని చెప్పకండి. నిజమే చెప్పండి. ఒక్కసారే పాడిందనీ, ఏ మిషనూ తగల్లేదనీ చెప్పండి. నా సంగతి అడిగితే, పాపం ఆశాజ్యోతికి వయసైపోయింది, చెవి మందగించింది, గొంతేదో మిషనేదో పోల్చుకోలేకపోతోంది అనండి. చెవిటిదాన్నని ఊరంతా అనుకున్నా పర్వాలేదు. కుళ్ళుబోతుదాన్నని తెలియకపోతే చాలు.

ఎత్తండి బాబూ, ఆగిపోయేలా ఉంది.