ఐసా ఇంట్లో నాలుగు హీటర్లు

ఇటు జరగండి, ఇంకాస్త దగ్గరికి. ఇది గ్లాస్గోలో మా భవనంలో ఒకే మెట్ల చుట్టూ ఉన్న ఎనిమిది ఇళ్లలో జరిగిన సంగతి. కిటికీ అద్దాలకు లోపలి వైపు కూడా మంచు పేరుకున్న జనవరి. రెండో అంతస్తులో ఐసా ఒక్కతే ఉంటుంది. ఆవిడ ఆడపడుచు నెట్టా అప్పుడే తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"అయ్యో అయ్యో, ఇదేంటి వదినా? నేను ఇంట్లోకొచ్చానా, రొట్టెల బట్టీలోకొచ్చానా?"

"తలుపెయ్యి నెట్టా, ముందు తలుపెయ్యి. వెచ్చదనమంతా మెట్ల పాలవుతోంది."

"ఎక్కడివీ హీటర్లు? ఒకటి, రెండు, మూడు... సోఫా వెనకాల ఇంకోటా!"

"నాలుగు. డూగల్‌ది, ఫినెల్లాది, ఉనాది, కింద మర్డోది. మూడింటికల్లా ఇచ్చేస్తానని చెప్పి తెచ్చా."

"ఎందుకు?"

"ఎందుకేంటే? మనింటికి మనిషొస్తోంది కదా. ఆ సాయం చేసే సంఘం పిల్ల, మిస్ లెన్నక్స్."

"ఆ పిల్ల ఎందుకొస్తోంది వదినా?"

"చూడ్డానికి."

"ఏం చూడ్డానికి?"

"ఇల్లు."

"ఇల్లు ఎలా ఉందని చూడ్డానికి?"

"శుభ్రంగా ఉందా అని."

"చల్లగా ఉందా అని వదినా! చల్లగా! ఇల్లు చల్లగా ఉందని ఆ పిల్ల కళ్లారా చూస్తేనే చలికాలం అయ్యేదాకా నీ కరెంటు మీటరు కార్డులో డబ్బులు వాళ్లు నింపుతారు. మూడు రోజులు కూచుని రాశాను ఆ అర్జీ! 'మా వదిన కోటు, టోపీ పెట్టుకుని పడుకుంటుంది' అని కూడా రాశాను."

"టోపీ సంగతి రాశావా? పరువంతా తీశావు కదే."

"పోయినేడు ఛాతీ పట్టేసి పద్దెనిమిది రోజులు ఆస్పత్రిలో ఉన్నావు. ఈ ఏడూ అలాగే అయితే నీకు పరువుండి ఏం లాభం? అయినా ఈ నాలుగూ నీ కార్డు మీదే కదా తిరుగుతున్నాయి?"

"ఈ వారానికని దాచుకున్నది ఈ గంటకి పెట్టేశా. ఎప్పుడో గానీ మనిషి రాదు కదా."

"ఆర్పేస్తున్నా."

"ముట్టుకోకు! గడ్డకట్టిన ఇంట్లో కూచోబెట్టి ఆ పిల్లకి టీ ఇమ్మంటావా? నన్ను మా అమ్మ అలా పెంచలేదు."

"కిటికీ అన్నా తెరువు."

"బిగుసుకుపోయింది. సందుల్లో పాత మేజోళ్లు కుక్కా."

"పీకేస్తున్నా."

"వద్దే! ఆ పిల్లకి చలేస్తుంది... అదిగో, గంట కొట్టింది. నా జుట్టు సరిగ్గా ఉందా?"

"ఐసా గారేనండీ? ఆలస్యమైపోయింది, ఏమీ అనుకోకండి. మంచులో బస్సు ఆగిపోయింది. అబ్బా... కోటు విప్పుకోవచ్చా?"

"విప్పుకో తల్లీ, హాయిగా విప్పుకో. ఈ కుర్చీలో కూచో. కింద వేడినీళ్ల సంచి పెట్టా, కాళ్లు దాని మీద పెట్టుకో."

"ఈ మేజోళ్లు ఏంటండీ, నేలంతా?"

"అవి... ఆరేశాం అమ్మా. నేను నెట్టాని, ఆడపడుచుని. అర్జీ రాసింది నేనే."

"కోటు, టోపీ రాసింది మీరేనా? సరే, వేడి కొలిచే మీటరు తెచ్చాను. ఒక్క నిమిషం... ఇరవై ఏడు డిగ్రీలు."

"దులిపి చూడమ్మా. పాడైపోయిందేమో."

"పొద్దున్నే సరిచేయించి తెచ్చానండీ. పదహారు దాటితే సాయం రాయడానికి మాకు వీల్లేదు. ఐసా గారూ, మీ ఇల్లు రోజూ ఇలాగే ఉంటుందా?"

"ఆ... ఇలాగే. నాకేం, హాయిగా ఉన్నా."

"వదినా!"

"కాలెందుకు తొక్కుతావే?"

"ఇలా ఉండదు మిస్ లెన్నక్స్! ఇది ఇంటి వేడి కాదు. మా వదిన ఒంట్లోది. జ్వరం."

"నాకా? జ్వరమా?"

"ఉంది వదినా. మండిపోతున్నావు."

"ఇల్లు మొత్తానికీ ఇరవై ఏడు వచ్చేంత జ్వరమా నెట్టా గారూ?"

"పెద్ద జ్వరం."

"ఇదిగో స్కోన్ రొట్టెలు, ఇప్పుడే ఓవెన్‌లోంచి తీశా. వెన్న ఇంకాస్త రాసుకో తల్లీ. ఇంత సన్నగా ఉన్నావేంటి?"

"మీరు తినరా?"

"నేనిందాకే తిన్నా."

"ఏం తిన్నారు?"

"సూపు... నిన్న. అంటే నిన్న చేసిన సూపు."

"పగలంతా ఎలా గడుపుతారు ఐసా గారూ?"

"బస్సులో తిరుగుతా. ముసలివాళ్లకి టికెట్ ఉండదు కదా."

"ఎక్కడికి వెళతారు?"

"ఎక్కడికీ లేదు. ఆఖరు స్టాపుదాకా వెళ్లి, అందులోనే తిరిగొస్తా. మళ్లీ ఎక్కుతా. డ్రైవర్లందరికీ నా పేరు తెలుసు."

"ఊరు చూడ్డానికా?"

"ఆ, ఊరు చూడ్డానికి."

"అద్దాల నిండా ఆవిరేగా ఈ చలికాలంలో. ఏం కనిపిస్తుంది?"

"ఏమీ కనిపించదు. ఊరికే కూచుంటా. సీట్ల కింద వెచ్చగాలి వస్తుంది."

"ఈ మాట రాసుకోనా ఐసా గారూ?"

"వద్దు తల్లీ. బస్సు వాళ్లకి తెలిస్తే ఏమనుకుంటారో."

"ఐసా! నేను, డూగల్‌ని! మూడున్నరైంది. నా హీటరు ఇస్తావా? కాళ్లు కొయ్యబారిపోయాయి!"

"తర్వాత రా డూగల్, మనిషుంది!"

"తర్వాతెందుకు? తీసుకోండి బాబూ, ఇప్పుడే తీసుకోండి! ప్లగ్గు పీకేశా, ఇదిగో, తలుపు దగ్గరికే తెచ్చిస్తున్నా!"

"అది ఆయనదా నెట్టా గారూ?"

"ఆయనదే మిస్ లెన్నక్స్. మీ మీటరు ఇప్పుడెంత చూపిస్తోంది?"

"ఇరవై రెండు."

"మేజోళ్లు లేవుగా, కిటికీ సందుల్లోంచి గాలి జోరుగానే వస్తోంది. వదినా, ఇంకెవరో వచ్చారు!"

"ఫినెల్లా అయితే పడుకున్నానని చెప్పు."

"ఫినెల్లా, ఉనా ఇద్దరూ వచ్చారు. ఉనా స్నానం చెయ్యాలట. ఫినెల్లా పిల్లికి వణుకొస్తోందట. రండమ్మా, చెరొకటీ పట్టుకుపోండి, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి!"

"అయ్యో, వచ్చిన మనిషి ఎదురుగా ఇంట్లోవి ఇలా మోసుకుపోతుంటే ఏమనుకుంటుందే! తల్లీ, కోటు వేసుకో. శాలువా తెస్తానుండు. నెట్టా, ఆ తలుపెయ్యవే!"

"తలుపు కదలట్లేదు వదినా, ఇరుక్కుపోయింది."

"ఎప్పుడూ ఇరుక్కోదే?"

"ఈరోజు ఇరుక్కుంది. మిస్ లెన్నక్స్, ఎంత?"

"పదిహేడు."

"మర్డో! ఓ మర్డో! కింద ఉన్నావా? నీ హీటరు నీకక్కర్లేదా బాబూ?"

"అక్కర్లేదు నెట్టా! రేపిచ్చినా చాలు!"

"కావాలి మర్డో, నీకు కావాలి! వచ్చి తీసుకుపో!"

"నాకేమీ తొందర లేదు!"

"ఉంది! నీకు తొందరుంది!"

"ఆగండి నెట్టా గారూ. నేనే ఆర్పుతాను. ఇదిగో... పద్నాలుగు. పన్నెండున్నర. మీ ఊపిరి కనిపిస్తోంది ఐసా గారూ, పొగలా."

"నాదొక్కటేనా? నీదీ కనిపిస్తోంది. ఎంత అప్రతిష్ఠ! టీ ఇంకాస్త పొయ్యనా?"

"పన్నెండు. రాసేశాను. సంతకం కూడా పెట్టేశాను. ఎల్లుండి నుంచి వసంతం వచ్చేదాకా మీ కార్డు మా సంఘమే నింపుతుంది. బస్సులు ఎక్కనక్కర్లేదు."

"నిజమా తల్లీ? ఇల్లు ఇంత ఘోరంగా ఉన్నా రాశావా?"

"ఇంత ఘోరంగా ఉందనే కదా వదినా! ఏడవకు, కన్నీళ్లు గడ్డకడతాయి."

"ఒక్క నిమిషం. ఈ హీటరు... ఈ మూల విరిగిన హీటరు నేను ఇంతకుముందు చూశాను. సోమవారం పైనున్న డూగల్ గారింట్లో దీని ముందే కూచుని చెమటలు తుడుచుకున్నాను."

"ఆ, సోమవారం డూగల్ ఇంటికి నువ్వొస్తున్నావని మర్డో ఇచ్చాడు. నేనూ ఇచ్చా కదా."

"మీకు హీటరు ఉందా?"

"చిన్నది. దాని వేడి పిల్లికి కూడా చాలదు. ఫినెల్లా ఇంట్లో ఉండిపోయింది, మంగళవారం నువ్వు అక్కడికి వెళ్లినప్పుడు పంపా. బుధవారం ఉనా ఇంటికి వచ్చావని... ఏంటి తల్లీ, అలా చూస్తావు? వచ్చిన మనిషిని చలిలో కూచోబెడతామా?"

"అయ్యో దేవుడా. ఐసా గారూ, ఆ మూడిళ్లకీ నేను 'ఇల్లు వెచ్చగా ఉంది, సాయం అక్కర్లేదు' అని రాసి వాళ్ల అర్జీలు కొట్టేశాను. ఇంకా పైకి పంపలేదు, నా సంచిలోనే ఉన్నాయి ఆ కాగితాలు. నెట్టా గారూ, మీకు గొంతుంది, మీరు వెళ్లండి. పై ఇంటి నుంచి కింది ఇంటి దాకా ప్రతి తలుపూ కొట్టి నేనన్న మాట అన్నట్టే చెప్పండి, ఒక్క ముక్క మరిచిపోవద్దు, వాళ్లని కూడా పక్కవాళ్లకి చెప్పమనండి: ఆ పిల్ల ఇప్పుడే మళ్లీ మీ ఇళ్లకి వస్తోంది, ఈసారి కోటు విప్పదట, దయచేసి ఎవరూ మర్యాద చెయ్యకండి!"