పేరులో మొదటి అక్షరం

ప్రింటింగ్ షాపులో కంప్యూటర్ ముందు డిజైనరమ్మాయి, పక్కన కుర్చీలో ముసలి ఆర్టిస్టు. తెరమీద ఆయన భార్య సంతాప కార్డు.

"మాస్టారూ, మీ చేతిరాత ఫాంటే పెట్టాను. కానీ అమ్మగారి పేరులో మొదటి అక్షరం రావట్లేదు. ఖాళీ డబ్బా పడుతోంది."

"ఏ అక్షరమమ్మా?"

"'ఝ' అండీ."

"ఫాంటు కోసం అన్నీ రాసిచ్చి, అదొక్కటీ నేనే వదిలేశాను. ఎవరికి పనికొస్తుందిలే అనుకున్నా."

"ఆ అక్షరం పేరు మీ ఇంట్లోనే ఉండేది కదండీ!"

"నలభై ఏళ్లూ 'ఇదిగో' అనే పిలిచానమ్మా. ఆవిడకో పేరుందని గుర్తే రాలేదు."

"పోనీ, ఇప్పుడు కాగితం మీద రాసివ్వండి. స్కాన్ చేసి పెడతాను."

"ఈ చేత్తోనా? గ్లాసు పట్టుకుంటేనే నీళ్లు ఒలికిపోతున్నాయి."

"మరేం చేయను? అదొక్కటీ వేరే ఫాంటులో పెడితే అతుకు వేసినట్టుంటుంది."

"పేరు తీసెయ్యమ్మా. 'నా భార్య' అని పెట్టు. ఆ అక్షరాలన్నీ ఉన్నాయి."