బావమరిది ఛానెల్

అమెరికాలోని షామ్‌బర్గ్‌లో పొద్దున్నే హాస్పిటల్ డ్యూటీకి బయల్దేరేముందు, కోడలు లాప్‌టాప్‌లో తను మెడిసిన్ చదివిన రష్యా ఊరి టీవీ పెట్టుకుంది. కాఫీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చున్న మామగారికి భాష రాదు. అయినా ఏ టీవీ చూసినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే.

"ఎవరిదమ్మా ఈ ఛానెల్?"

"మొదట్లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీది మామయ్యా. ఫ్యాక్టరీ మూతపడ్డాక బ్యాంకువాళ్ళు కొన్నారు. పోయినేడాది గవర్నర్ బావమరిది తీసుకున్నాడు."

"మన దగ్గరా ఇంతేగా. ఈవిడెవరు?"

"తమారా గారు. ఆరేళ్ళు వాళ్ళింట్లోనే అద్దెకున్నాను. అప్పుడు వార్తలు చదివేవారు."

"మరిప్పుడు మబ్బుల బొమ్మ ముందు నిలబడిందేం?"

"ఊళ్ళో కడుతున్న కొత్త బ్రిడ్జికి అప్పుడే పగుళ్ళొచ్చాయని చదివారు. ఆ కాంట్రాక్టూ బావమరిదిదే. ఆ వారమే వాతావరణానికి మార్చేశారు."

"పోనీలే, ఎండకీ వానకీ ఓనర్లుండరు. ఏమంటోంది?"

"రేపు వెచ్చగా ఎండ కాస్తుందట. నా ఫోన్‌లో మాత్రం మంచు తుఫాను అని చూపిస్తోంది."

"రేపక్కడ ఏమన్నా ఉందా?"

"గవర్నర్ ఆ బ్రిడ్జి ఓపెన్ చేస్తున్నాడు."

మామగారు ఒక గుక్క కాఫీ తాగారు.

"అయితే ఆవిడ ఉద్యోగానికి ఢోకా లేదు. అది సరే, స్టూడియో లోపలుండి మెడకి అంత లావు ఉన్ని మఫ్లర్ దేనికి?"

"ఊళ్ళోవాళ్ళ కోసం మామయ్యా. ఆవిడ చెప్పేది వాళ్ళు వినరు. మఫ్లర్ చూసుకుని బయటికెళ్తారు."