మీ బకెట్ బయట ఉండిపోయింది

ఈవిడ మైకు అందుకుంటే ఎప్పుడు వదులుతుందో తెలియదన్న భయంతో ఇప్పటికే గడియారం వంక చూస్తున్న అధ్యక్షులు డాక్టరు గారికి, వేదిక మీదున్న పెద్దలకు, మన కొత్త భవనానికి ప్లాను గీసి ముందు వరుసలో కూర్చున్న ఇంజనీరు గారికి, రేపటి నుంచి నా కుర్చీలో కూర్చోబోయే చిన్నమ్మాయికి, ఇన్నేళ్ళూ నా అరుపులు భరించిన ఆయాలకు, పనులు మానుకుని వచ్చిన అమ్మలకు, వాళ్ళ ఒళ్ళో నిద్రపోతున్న పిల్లలకు నమస్కారం. పిల్లలు నిద్రపోతున్నారు కాబట్టి చప్పట్లు కాస్త మెల్లగా కొట్టండి. (నవ్వులు)

ఇందాకటి నుంచీ నా గురించి అందరూ చెప్తుంటే, ఎవరీ మహాతల్లి, నాకూ ఒకసారి చూపిస్తే బావుండు అనిపించింది. గోడ గడియారం కూడా బహూకరించారు. రేపటి నుంచి ఏ పనీ ఉండని మనిషికి టైము ఎందుకో నాకు తెలియదు గానీ, చాలా సంతోషం. (నవ్వులు)

కొత్తగా వచ్చినవాళ్ళు కొందరున్నారు కాబట్టి మొదటి నుంచి చెప్తాను. మన కేంద్రం అంటే ఒకప్పుడు మందుల గోడౌను. రెండు గదులు, రేకుల కప్పు, వాన పడితే ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. కూలికో నాలికో వెళ్ళే తల్లులు పొద్దున్నే పిల్లల్ని ఇక్కడ వదిలి సాయంత్రం తీసుకెళ్ళొచ్చు, ఇంట్లో సంపాదించే మనిషి మంచాన పడితే తేరుకునేదాకా ఆ ఇంటికి భోజనం, పిల్లలకు పాలు, ఆసుపత్రికి తోడుగా ఒక మనిషి. ఇదీ మేం చేద్దామనుకున్న పని. డబ్బున్నవాళ్ళు డబ్బిచ్చారు, లేనివాళ్ళు తమ సాయంత్రాలు ఇచ్చారు. అన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నాం. ఒక్కరూ రాలేదు.

ఎందుకు రాలేదంటే, మన ముందు గుమ్మానికి సరిగ్గా ఎదురుగా బస్టాపు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళకు, ఎవరు లోపలికి వెళ్తున్నారా అని చూడడం తప్ప వేరే పనేముంటుంది చెప్పండి? ఆ కళ్ళ ముందు నుంచి, మా ఇంట్లో పొయ్యి వెలగలేదు అని చెప్పుకోవడానికి నడిచి రావాలంటే ఎవరికైనా కాళ్ళాడవు. మేం ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం, ఆకలి మాత్రం వాళ్ళ ఇళ్ళల్లో అలాగే ఉంది.

అప్పుడు కమిటీ కూర్చుని, వెనక సందులో ఉన్న గుమ్మం తెరుద్దామని తీర్మానించింది. మంచి తీర్మానమే. అక్కడితో ఆగితే మనం కమిటీ ఎందుకవుతాం? తలుపుకు నీలం రంగు వేయించాం, గంట కట్టాం, బల్బు పెట్టాం, రెండు పూలకుండీలు, పైన ‘స్వాగతం’ అని ఇంత లావు అక్షరాలతో బోర్డు. అంతకుముందు ఆ సందులోంచి ఒకరిద్దరు తొంగి చూసేవాళ్ళు, అదీ మానేశారు. లక్షణమైన వెనక గుమ్మాన్ని పట్టుకుని మళ్ళీ ముందు గుమ్మం చేసి కూర్చున్నాం. ఏకగ్రీవంగా చేశాం కాబట్టి ఎవరినీ ఏమీ అనడానికి లేదు. (నవ్వులు) డాక్టరు గారూ, ఆ పూలకుండీలు మీరిచ్చినవే, నేను మర్చిపోలేదు.

రంగు వేసినాయన తన బకెట్ సందులోనే వదిలేసి వెళ్ళిపోయాడు. అదే మన అదృష్టం. ఒక మధ్యాహ్నం ఒకమ్మాయి చంకలో పసిపిల్లతో, రెండో చేతిలో ఆ బకెట్‌తో గుమ్మంలో నిలబడింది. “అమ్మా, మీ బకెట్ బయట ఉండిపోయింది” అంది.

“అయ్యో, అలాగా? ఆ మూల పెట్టమ్మా” అన్నాను.

పెట్టింది. పెట్టాక వెళ్ళదు. ఖాళీ ఉయ్యాలల వంక చూస్తూ నిలబడింది. చివరికి, “ఇక్కడ పగలంతా పిల్లల్ని ఉంచుకుంటారటగా?” అంది.

“ఎవరి పిల్లల్ని?”

“మా పక్కింటావిడ పిల్లని.”

“మీ పక్కింటావిడతో చెప్పు, తప్పకుండా ఉంచుకుంటామని. ముందు నువ్వు కూర్చో. ఈ పాపకు ఆకలేస్తున్నట్టుంది, ఈ పాలు పట్టు” అన్నాను.

కూర్చుంది. పాప తాగుతున్నంతసేపూ ఆ అమ్మాయి తల ఎత్తలేదు. నేనూ ఏమీ అడగలేదు. మర్నాడు పక్కింటావిడ తరఫున పాపను తీసుకుని వచ్చింది. (నవ్వులు)

ఆ సాయంత్రమే బోర్డు పీకించాం, గంట విప్పించాం, కుండీలు లోపలికి చేర్చాం. బకెట్ మాత్రం మళ్ళీ సందులో పెట్టాం. అప్పటి నుంచి పొద్దున తాళం తీయగానే మన మొదటి పని బకెట్ బయట పెట్టడం. ఎవరో ఒకరు దాన్ని లోపలికి తెచ్చేవాళ్ళు, అందరిదీ అదే మాట. వాళ్ళు కూర్చున్నాక మన ఆయా ఇంకొకటి బయట పెట్టి వచ్చేది. సందులో ఇస్త్రీ చేసే ఆయన ఇదంతా కనిపెట్టి, ఎవరూ అడక్కుండానే తన బల్ల ఎదురు గోడవైపుకు తిప్పేసుకున్నాడు. ఇన్నేళ్ళూ గాలి తగలని వైపు నిలబడి ఇస్త్రీ చేశాడు. ఎందుకయ్యా అంటే, “ఇటైతే వెలుతురు బావుంటుందమ్మా” అనేవాడు. అక్కడ వెలుతురు లేదు. మనం సాయం సాయం అని ఉపన్యాసాలిస్తాం గానీ, నాకు సాయమంటే ఆ మనిషి వీపే గుర్తొస్తుంది.

మొదటి బకెట్ తెచ్చినావిడ ఇవాళ ఈ హాల్లోనే ఉంది. తలలు తిప్పకండి. బంగారాలు, ఒక్కరూ తిప్పలేదు. ఇంజనీరు గారు కొంచెం తిప్పబోయి సర్దుకున్నారు. (నవ్వులు)

ఇంజనీరు గారూ, ఎలాగూ మీ దగ్గరికే వచ్చాను కాబట్టి అడిగేస్తాను. కొత్త భవనం ప్లాను చూస్తే కడుపు నిండింది. కారని కప్పు, పిల్లల ఎత్తుకు సరిపడా కుళాయిలు, అద్దాల తలుపు. కానీ దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాను, గుమ్మం ఒక్కటే ఉంది, అదీ మెయిన్ రోడ్డు మీదికి. వెనకంతా గోడే. లోపలికి రాగానే బల్ల, బల్ల వెనక పేరేమిటని అడిగే మనిషి. మొన్న అడిగితే చిన్నమ్మాయి, “రెండో గుమ్మం ఉంటే దొంగల భయం కదా పెద్దమ్మా” అంది. నిజమేనమ్మా, మన బకెట్లు కొన్ని పోయాయి కూడా. పోతే పోయాయి. ఆ గుమ్మం లేకపోతే పక్కింటావిడలు రారు. వాళ్ళు రాకపోతే అంత పెద్ద భవనంలో మళ్ళీ మనం ఈగలు తోలుకోవాలి.

వెనక గోడ ఇంకా లేవలేదు, నిన్న వెళ్ళి చూసొచ్చాను. ఒక్క గుమ్మం పెట్టించండి బాబూ. రంగు వద్దు, గంట వద్దు, బోర్డు అసలొద్దు. తల ఊపుతున్నారు, అది సరేనన్న ఊపా, వినపడిందన్న ఊపా? లేచి చెప్పండి.

(ఇంజనీరు గారు లేచి, “పెడతానమ్మా” అన్నారు. చప్పట్లు.)

మెల్లగా కొట్టమన్నానా లేదా? అదిగో, ఒకడు లేచాడు. ఎత్తుకో తల్లీ, ఏడవనీ, వాడి హాలే ఇది.

ఇంక రెండు మాటలే. పొద్దున్నే లేచి ఇక్కడికి రావడం తప్ప నాకు వేరే బతుకు తెలియదు. రేపు లేచాక ఏం చెయ్యాలో తోచడం లేదు, నిజంగా భయంగానే ఉంది. రావాలనిపిస్తుంది. కానీ పనిలేని ముసలమ్మ రోజూ వచ్చి కూర్చుంటే కొత్తవాళ్ళకు ఇబ్బంది, ఏం పని మీద వచ్చావని ఎవరైనా అడిగితే చెప్పడానికి నాకు ముఖం చెల్లదు. అందుకని చిన్నమ్మాయీ, కొత్త గుమ్మం బయట కూడా ఆ బకెట్ ఉంచు. ఎప్పుడైనా ఒక మధ్యాహ్నం వస్తాను. “అమ్మా, మీ బకెట్ బయట ఉండిపోయింది” అంటాను. నువ్వేమీ అడక్కు. ఆ మూల పెట్టించి, కాసేపు కూర్చోమను.

నన్ను ఇన్నాళ్ళు మోసిన మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.