ఏసోబు తోమిన పెనం

ప్రత్తిపాడులో బాపయ్య టీ కొట్టు దగ్గర ఏసోబు కోతలు కొయ్యడానికి నోరు విప్పాడంటే పాలు పొంగిపోతున్నా బాపయ్య చూసుకోడు. ఆ రోజు ఏసోబు తువ్వాల్లో చుట్టి ఏదో తెచ్చాడు. విప్పి బల్ల మీద పెట్టగానే బుడే తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేశాడు. అది పోత ఇనుముతో చేసిన పాతకాలం అట్లపెనం. నల్లగా, నున్నగా, నూనె రాసిన జడలా నిగనిగలాడుతోంది. ఒక చెవి సగం విరిగి ఉంది. ఆ చెవి విరగ్గొట్టింది బుడేనే, తొమ్మిదేళ్ళప్పుడు, అరుగు మీంచి జారవిడిచి. అది వాళ్ళమ్మ కాశింబీ పెనం.

ఇంట్లోకి నాన్‌స్టిక్ వచ్చాక దాన్ని నాలుగేళ్ళు బాత్రూము వెనక పడేశారు. మిరపకాయలు వేయించిన మసి అట్టలు కట్టి, దాని మీద తుప్పు పట్టి, అసలు పెనమేనా అన్నట్టు తయారైంది. పోయిన వేసంగిలో పాత సామాన్ల బండి వస్తే బుడేనే పట్టుకెళ్ళి ఇచ్చేసి, బదులుగా ప్లాస్టిక్ టబ్బు తెచ్చుకున్నాడు. అమ్మ గుమ్మంలోంచి చూస్తూనే ఉంది. ఆ బండి వీధి దాటకముందే ఏసోబు దాన్ని కొనేశాడని బుడేకి ఇప్పుడే తెలిసింది. అది మాదిరా అందామంటే, తల్లి పెనాన్ని టబ్బుకి మార్చిన మొనగాడు వీడేనని ఊరంతా నవ్వుద్ది. అనకుండా కూర్చుందామంటే ఆ నిగనిగంతా ఏసోబు గొప్పయిపోద్ది.

"పెద్ద పనేం కాదబ్బాయ్," అని చాలా వినయంగా మొదలెట్టాడు ఏసోబు. "మూడు రోజులు చింతపండు నీళ్ళలో నానేశా. ఇటుకపొడి, కొబ్బరిపీచు పెట్టి రుద్దా. ఎవరైనా చేస్తారు. కానీ ఆ తుప్పుందే, రుద్దేకొద్దీ వస్తానే ఉంది. గంపెడయింది. రెండు గంపలయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ట్రాక్టరు పిలిపించా."

"పెనం చూస్తే ఇంతే ఉంది గదరా!" అన్నాడు బాపయ్య.

"అదే గదా బాబాయ్ వింత! ఆ తుప్పంతా ఎక్కడ పొయ్యాలో తెలీక మా పత్తిచేలో చల్లా. కాయ పగిలితే పత్తి ఎర్రగా వచ్చింది, మందారప్పువ్వే అనుకో. చిలకలూరిపేట నుంచి మిల్లోళ్ళు లారీ వేసుకొచ్చారు. 'ఏసోబుగారూ, అద్దకం లేకుండానే ఎర్రదారం వస్తోందండీ, ఈ విత్తనం పేరేంటండీ' అని కాళ్ళావేళ్ళా పడ్డారు. విత్తనం కాదు నాయనా, నా చేతి చలవ అని చెప్పి పంపా."

అందరూ నవ్వారు. బుడే నవ్వలేదు. చేతి చలవంట, చేతి చలవ! తనింట్లో నాన్‌స్టిక్ పూత ఊడిపోయి, భార్య షాహిస్తా రోజూ అట్టుని ముక్కలు ముక్కలుగా గీకి పెడుతోంది. వీడికేమో ఎర్రపత్తి! తుప్పుని చూసి కూడా ఓర్వలేకపోవచ్చని బుడేకి ఆ పూటే తెలిసింది.

"తుప్పు పోయింది సరే, మసి సంగతేంటి?" ఏసోబు తన ప్రశ్న తనే వేసుకున్నాడు. "ఏ కాలంనాటి మిరపకాయలో! పొయ్యి మీద పెట్టానో లేదో ఘాటు లేచింది. మా ఆవిడ దేవకుమారి తుమ్మింది, పక్కింటోళ్ళు తుమ్మారు, ఎద్దులు తుమ్మినయ్, హైవే మీద లారీలు వరసన ఆగిపోయినయ్, డ్రైవర్లు స్టీరింగు వదిలేసి తుమ్మటమే పని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సాయంత్రానికి ఎక్కడో ఉన్న కనిగిరి నుంచి మా బామ్మర్ది ఫోను. 'బావా, ఇక్కడ కోటకొండ మీద మేకలన్నీ తుమ్ముతున్నయ్, మీ ఊళ్ళో ఏమన్నా జరిగిందా' అని!"

ఆ మసి ఎవరిదో బుడేకి తెలుసు. ఏటా కారం కొట్టించే ముందు అమ్మ ఆ పెనం మీదే కాయలు వేయించేది. ఆ ఘాటు కూడా ఏసోబు ఖాతాలోకే పోయింది.

"ఇంతకీ అట్టు ఊడి వస్తుందా?" అని అడిగాడు జయపాల్ మాస్టారు.

"ఊడి రావటమా మాస్టారూ! అసలు ఆగితేగా! గరిటె తిప్పేలోపు జారి కిటికీలోంచి పోద్ది. పోయిన ఆదివారం ఒకటి జారి, రోడ్డు దాటి, చర్చిలో పడింది. పాస్టరుగారు అప్పుడే ఆకాశం నుంచి తినటానికి మన్నా కురిసిన సంగతి చెప్తున్నారంట. సంఘమంతా మోకాళ్ళ మీద పడ్డారు! ఆయన కొంచెం తుంచి నోట్లో వేసుకుని, 'ఉప్పు సరిపోయింది' అన్నారంట."

"ఆ రోజు నేను చర్చిలోనే ఉన్నానయ్యా."

"మీరు ప్రార్థనలో కళ్ళు మూసుకున్నారు మాస్టారూ." ఏసోబు పెనం మీద ప్రేమగా చెయ్యి వేశాడు. "అయినా ఇది ఎవరి పెనం? మా నాయనమ్మది. ఆమె చేతి గుణమే నాకొచ్చింది."

అక్కడితో బుడే ఓపిక నశించింది.

"ఎవర్రా నీ నాయనమ్మ?" అంటూ లేచాడు. "అది మా అమ్మది! చెవి విరగ్గొట్టింది నేను. బండికేసి టబ్బు తెచ్చుకుంది నేను. నవ్వుకోండి, నాకేం సిగ్గులేదు. కానీ వీడు దీన్ని తోమలేదు. ఏరా, దీన్ని రోజూ ఎట్టా కడుగుతావో చెప్పు."

"ఎట్టా కడుగుతారు? సబ్బు పెట్టి, పీచుతో గట్టిగా రుద్ది..."

"విన్నారా! ఇనప పెనాన్ని రోజూ సబ్బుతో రుద్దితే తెల్లారేసరికి ఎర్రబడుద్ది, ఒక్క అట్టు లేవదు. నూనె రాసి, కాల్చి, సగం కోసిన ఉల్లిపాయతో రుద్ది, మళ్ళీ నూనె రాసి, అట్టా పది రోజులు చేస్తే ఈ నలుపొస్తుంది. తర్వాత గుడ్డతో తుడవటమే. అది మా అమ్మ పద్ధతి. ఎవడికో వచ్చే పని కాదది!"

కొట్టు దగ్గర నవ్వులు గొల్లుమన్నాయి. బాపయ్య గరిటెతో గిన్నె మీద దరువేశాడు. బుడే గెలిచినట్టు చుట్టూ చూశాడు. ఏసోబు మాత్రం బుడే వంక అదోలా చూశాడు.

"నిజమేరా," అన్నాడు నెమ్మదిగా. "నేను తోమలేదు. దేవకుమారీ తోమలేదు. ఆ తుప్పు చూసి మేమూ మూలన పడేశాం. మేం కొన్నది చూసిందేమో, మీ అమ్మే వచ్చింది. మా పంపు దగ్గర కూర్చుని పది రోజులు రుద్దింది. ఇంటికి తీసుకుపో పిన్నీ అంటే, మావాడు మళ్ళీ ఎవరికో ఇస్తాడు, ఇక్కడే ఉండనీ అంది. ఇప్పటికీ రోజూ పొద్దున్నే వచ్చి, రెండట్లు పోసుకు తిని, తుడిచిపెట్టి పోద్ది."

పొద్దున పూట ఆకలి లేదంటుంది అమ్మ. నెలల తరబడి అంటోంది. వయసు మీద పడింది కదా అనుకున్నాడు బుడే.

ఏసోబు పెనాన్ని తువ్వాల్లో చుట్టుకుంటున్నాడు. బుడే అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరేయ్ ఏసోబూ, ఇది కూడా కోతేనని చెప్పరా."

ఏసోబు నోరు తెరిచాడు. ఒక్క కోత కూడా రాలేదు.